డాబా మీద ఆరిన మూటలు

ఒకసారి వాడిన కత్తెరలు, ఫోర్సెప్స్ లాంటి పనిముట్లు కడిగి, ఆవిరిలో క్రిములు చంపి, మళ్ళీ ఆపరేషన్‌కి ఎలా సిద్ధం చేయాలో ఆసుపత్రుల్లో నేర్పడం నా పని. ఆపరేషన్ థియేటర్ నర్సుగా రిటైరయ్యాక ఈ పనిలో కుదురుకున్నాను. నోరు దురుసు. నన్ను చూడగానే నర్సమ్మలు ‘అత్తగారొచ్చింది’ అని సైగలు చేసుకుంటారు.

దర్శి వైపు ఒక చిన్న ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. ఆపరేషన్‌తో కాన్పయిన ఆడవాళ్ళకు వరసగా కుట్లు చీము పడుతున్నాయి. వాళ్ళలో థియేటర్ ఆయా కూతురు కూడా ఉంది. పనిముట్లు కడిగి మూటలు కట్టేది ఆ ఆయానే. జ్వరంతో ఉన్న కూతుర్ని చూసుకుంటూనే పనికి వస్తోంది.

ఉదయమంతా పక్కన నిలబడి చూశాను. వంక పెట్టడానికే వెళ్ళాను గాని దొరకలేదు. కత్తెర కీలు దగ్గర కూడా బ్రష్‌తో తోమింది. అన్నీ గుడ్డలో చుట్టి, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పెట్టింది. ఆవిరి దిగగానే మూటలు తీసి, ట్రేలో సర్దుకుని మెట్లెక్కింది. వెనకే వెళ్ళాను. డాబా మీద ఒక పక్క ఎవరివో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఇంకో పక్క ఉతికిన దుప్పటి పరిచి, దాని మీద మూటలు పేర్చింది.

“ఇదేంటమ్మా?”

“తడిగా ఉన్నాయి గదండీ! తడితో దాస్తే బూజు పట్టదా? ఆవకాయ జాడీ అయినా ఎండలో పెట్టాకే గదా వాడేది,” అంది.

మా వైపు ప్రతి ఇల్లాలూ చేసేదదే. నేనూ చేస్తాను. అందుకే కోపం రాలేదు, భయమేసింది. ఆమెను నీడలో కూర్చోబెట్టి చెప్పాను. తడి గుడ్డ బయటి దుమ్మునూ, క్రిములనూ లోపలికి పీల్చుకుంటుంది. మూట ఆటోక్లేవ్‌లోనే పూర్తిగా ఆరాలి, ఆ తర్వాతే బయటికి తీయాలి. ఎండకి తడి పోతుంది గాని, లోపలికి చేరిన క్రిమి పోదు.

ఆమె దుప్పటి మీది మూటల వైపు చూసింది.

“మా అమ్మాయి ఆపరేషన్ మూట ఇంకో పూట ఎక్కువ ఎండబెట్టానండీ,” అంది. “నా బిడ్డ గదా అని.”

తిట్టడమే అలవాటైన నేను ఆమె పక్కనే కూర్చున్నాను. చీముకి కారణం అదేనని ఎవరూ తేల్చి చెప్పలేరమ్మా అన్నాను. నిజమే చెప్పాను. ఆమె చెవికెక్కినట్టు లేదు.

మధ్యాహ్నం నేను వార్డులోకి వెళ్ళేసరికి కూతురు మంచం మీద నుంచే పసివాణ్ణి తల్లికి అందిస్తోంది.

“అమ్మా, కాసేపు ఎత్తుకోవే. కుట్లు లాగుతున్నాయి.”

ఆయా చేతులు వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుంది. కూతురికేమీ అర్థం కాక నా వైపు చూసింది. నేనే వెళ్ళి పిల్లాణ్ణి అందుకుని అమ్మమ్మకి ఇవ్వబోయాను.

“వద్దండీ,” అంది. “ఈ చేతులతో వద్దు.”