సైకిలెక్కిన హద్దురాయి

మా ఆడపడుచు ఈ కథను ఎప్పుడూ ఒకేలా మొదలుపెడుతుంది, మా వదిన పిల్లలచేత ప్లాట్ల రాళ్ళు పీకించిందని. అబద్ధం. ఒక్కటే రాయి, అదీ నేను పీకించలేదు. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై, చుట్టూ మెట్టచెల్కలన్నీ వెంచర్లవుతున్న కాలమది. డిగ్రీ పట్టా ఉంటే లోకాన్ని సరిచేయొచ్చని నమ్మే వయసు నాది. (ఆ నమ్మకం ఇంకా పోలేదు, మా ఇంట్లోవాళ్ళే సాక్షులు.)

మహేశ్వరం దారిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరుగా నన్ను నెలపాటు చూస్తామన్నారు. ఆఖరున పెద్దసారు వెనక బెంచీలో కూర్చుని నా పాఠం వింటారు. నచ్చితే ఉద్యోగం, లేదంటే నాన్న చూసిపెట్టిన కంప్యూటర్ కోర్సు. పాఠమేమో నౌన్లు. మనిషి, చోటు, వస్తువు పేరే నౌన్ అని పిల్లలు నిద్రలో లేపినా అప్పజెప్పేవారు, అర్థం మాత్రం ఒక్కరికీ తెలియదు. అందుకే, రేపు తలా ఒక నౌన్ పట్టుకురండి అన్నాను. రాయి తెమ్మన్నానా?

మర్నాడు, పెద్దసారు వెనక బెంచీలో కూర్చున్న రోజే, మెటీరియల్ నౌన్ అంటూ ఒకడు క్యాను నిండా పాలు తెచ్చాడు. ముగ్గురు అన్నదమ్ములు చేతులు పట్టుకుని, మేం కలెక్టివ్ నౌన్ అన్నారు. అంతవరకు పెద్దసారు బాగానే ఉన్నారు. అప్పుడొచ్చింది రెండుజడల పిల్ల, సైకిల్ క్యారియర్ మీద తెల్లసున్నం పూసిన హద్దురాయితో. వానకు వదులైందట, అన్నతో కలిసి లాగేసిందట.

"ఏందే ఇది?" అన్నారు పెద్దసారు.

"ప్లేస్ సార్. జాగ మోసుకరాలేం గద, దాని రాయి తెచ్చిన."

వెనకే వెంచర్ సూపర్‌వైజర్ మోటార్‌సైకిల్ దిగాడు. పన్నెండో నంబరు ప్లాటు చూడ్డానికి కొన్నవాళ్ళు వస్తున్నారట, రాయి లేకుంటే అతని నౌకరీ ఊడుతుందట. అంటే మా ఇద్దరి ఉద్యోగాలూ ఒకే రాయిని ఆనుకుని ఉన్నాయన్నమాట. పాఠమయ్యాక తీసుకుపొమ్మని నేను, ఇప్పుడే కావాలని అతను. మధ్యలో పిల్ల తలెత్తింది.

"పన్నెండో నంబర్ గాదు. గది మా గుండ్లచెల్క. మా తాత గట్లనే అంటడు."

ప్లాటు కామన్ నౌన్, గుండ్లచెల్క ప్రాపర్ నౌన్ అని బోర్డు మీద రాశాను. అంతే, పిల్లలందరికీ తమ చేల పేర్లు గుర్తొచ్చాయి. తుమ్మలకుంట, నక్కలబండ, పెద్దమడి... బోర్డు చాలలేదు. చివరికి రాయిని భుజానికెత్తుకున్న సూపర్‌వైజర్ కూడా గుమ్మంలో ఆగి, "మాది ఊటబాయి చెల్క, మేడం. జర అది గూడ రాయుండ్రి," అన్నాడు. రాశాను.

పెద్దసారు లేచారు. "సోమవారం నుంచి అబ్‌స్ట్రాక్ట్ నౌన్ చెప్పమ్మా. అదైతే ఎవ్వడూ మోసుకరాడు."

సోమవారం అన్నారు! కంప్యూటర్ కోర్సు తప్పింది. ఇప్పుడా దారిన వెళ్తే గుండ్లచెల్క నిండా ఇళ్ళే. ఆ పాఠం చెప్పిన బక్కపలచటి టీచరమ్మను తలుచుకుని నవ్వుకుంటాను, ఆమె పొగరు నాకిప్పటికీ నచ్చుతుంది. ఒక్కటే తేలలేదు, మా ఆడపడుచైనా చెప్పాలి: ఆ రాయిని మళ్ళీ పాత గుంతలోనే పాతారా, లేక నా నౌన్ల పుణ్యాన ఎవరి వంటిల్లయినా పక్కింటి జాగాలోకి జరిగిందా?