అరవై మీటర్ల ఎత్తున నిండు సీసా

మనిషికి ఎంతమంది బంధువులుండాలన్నది ఎవరి అదృష్టం వాళ్లది. ఈమెకు మాత్రం ఒక్క పూటలో నలభైమంది మరుదులు పుట్టుకొచ్చారు. పద్నాలుగు అంతస్తుల భవనం లేస్తున్న చోట టవర్ క్రేన్ నడపడం ఈమె ఉద్యోగం. కింద నిలబడి "ఎడమకి, కుడికి, దించు, ఆపు" అని రేడియోలో చెప్పే సిగ్నల్ మనిషి ఈమె భర్తకు స్వయానా తమ్ముడు. మొదటి రోజున అతగాడు అలవాటు కొద్దీ "వదినా, కొంచెం ఎడమకి" అన్నాడు. ఆ రేడియో సైటులో అందరి నడుములకీ వేలాడుతుంది. మధ్యాహ్నానికల్లా ఇనుము కట్టేవాళ్లు, చెక్క కొట్టేవాళ్లు, కాంక్రీటు పోసేవాళ్లు, ఆమెకంటే ఇరవయ్యేళ్లు పెద్దవాడైన వాచ్‌మన్ సహా అందరూ "వదిన" అనేశారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

వదిన కూర్చునేది భూమికి అరవై మీటర్ల పైన, నాలుగడుగుల పొడవూ నాలుగడుగుల వెడల్పూ ఉన్న గాజు గదిలో. ఒక కుర్చీ, రెండు చేతులకీ రెండు పిడులు, పాదాల కింద కూడా గాజే. ఊరు ఊరంతా కనిపిస్తుంది కానీ కాళ్లు చాపుకునే చోటు ఉండదు. పొద్దున ఏడింటికి ఎక్కితే సాయంత్రం అయిదుకి దిగడం. నిచ్చెనకు రెండొందల పన్నెండు మెట్లు. దిగడానికి పది నిమిషాలు, ఎక్కడానికి పావుగంట. మధ్యలో ఒకసారి దిగి ఎక్కాలంటే అరగంట పైమాటే. ఆ అరగంటా క్రేన్ ఆగుతుంది. క్రేన్ ఆగితే సైటు ఆగుతుంది. సైటు ఆగితే నలభైమంది మరుదులూ చేతులు కట్టుకుని, తలలు పైకెత్తి, వదిన ఎందుకు దిగుతోందా అని చూస్తారు. ఎందుకో అందరికీ తెలుసు కాబట్టి మరింత శ్రద్ధగా చూస్తారు.

దిగినా కథ ముగియదు. సైటులో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆడవాళ్లకని ఒక మరుగుదొడ్డి కట్టిన మాట నిజమే. అది తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికి కట్టింది కాబట్టి దానికి తాళం వేసి ఉంచారు. తాళంచెవి ఆఫీసులో ఇంజనీరు కుర్చీ వెనక మేకుకు వేలాడుతుంది. ఇంజనీరు చుట్టూ ఎప్పుడూ ఆరుగురు మగవాళ్లు టీ తాగుతూ ఉంటారు. వాళ్లందరి మధ్య నుంచి చెయ్యి చాచి ఆ తాళంచెవి అడగాలి. ఆమె ఒక్కసారి అడిగింది. ఆరుగురూ ఒకేసారి గ్లాసులు కింద పెట్టారు. మళ్లీ అడగలేదు.

ఇదివరకటి ఆపరేటరు పొద్దున ఒక ఖాళీ సీసా పైకి తీసుకెళ్లి, సాయంత్రం అతి జాగ్రత్తగా కిందికి తెచ్చుకునేవాడట. ఆ పద్ధతి వదినకు పనికిరాదని విడిగా చెప్పనక్కర్లేదు.

ఇన్ని చిక్కులనూ ఒక్క దెబ్బతో తీర్చే ఉపాయం ఆమే కనిపెట్టింది. నీళ్లు తాగకపోవడం.

అత్తగారు మాత్రం రోజూ లీటరు సీసాను మూతి దాకా నింపి సంచిలో పెట్టేది. సీసా పొద్దున రెండొందల పన్నెండు మెట్లు ఎక్కేది, సాయంత్రం రెండొందల పన్నెండు మెట్లు దిగేది. ఇంటి మలుపు దగ్గర వదిన దాన్ని కాలవలో ఒంపేసి, ఖాళీ సీసాతో గుమ్మం ఎక్కేది. "మొత్తం తాగేశావా తల్లీ!" అని అత్తగారు మురిసిపోయేది. ఆ ఊళ్లో అంతంత ఎత్తులు చూసి వచ్చిన మురుగునీరు ఇంకోటి ఉండదు.

మొదట పెదవులు పగిలాయి. తర్వాత మధ్యాహ్నం మూడింటికి కణతల్లో సుత్తి దెబ్బలు. సాయంత్రం ఇంట్లో మంచం మీద వాలగానే పిక్కలు పట్టేసేవి. కూర్చున్న మనిషి లేస్తే కళ్ల ముందు చుక్కలు. ఇంట్లో వైద్యానికి కొదవ లేదు. భర్త కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాడు. లోకంలో ఏ రోగమైనా చూపు మందగించడం వల్లే వస్తుందన్నది అతని గట్టి నమ్మకం. అక్షరాల పటం గోడకు తగిలించి భార్య చేత చదివించాడు. ఆమె ఆఖరి వరస దాకా తడుముకోకుండా చదివేసి, పటం కూడా పీకి అవతల పారేసింది.

"చూశావా అమ్మా, ఈమధ్య ఎంత చిరాకు పడుతోందో!" అన్నాడు భర్త.

"ఈమధ్య ఏంట్రా, మొదట్నుంచీ ఇంతేగా," అంది అత్తగారు.

దాంతో ఆ లక్షణం కూడా లెక్కలోకి రాకుండా పోయింది.

ఇక్కడ వదిన కార్డు గురించి చెప్పాలి. ఎత్తున పనిచేసేవాళ్లకు ఏటా డాక్టరు ఒక కార్డు మీద ముద్ర వేస్తాడు. ఈ మనిషికి కళ్లు తిరగవు అని దాని సారాంశం. తిరిగినట్టు ఏ పుస్తకంలోనైనా ఒక్క ముక్క ఎక్కితే కార్డు రద్దయ్యే ప్రమాదం ఉంది, రద్దయితే రెండేళ్ల దాకా మళ్లీ ఇవ్వరు. ఆరేళ్లు గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి, ఎనిమిది నెలలు శిక్షణ తీసుకుని సంపాదించిన కార్డు అది. ఫొటోలో ఆమె నవ్వుతూ ఉంటుంది. ఆ కార్డు పోతే మళ్లీ గోదామే.

ఆ సోమవారం మధ్యాహ్నం కడ్డీల కట్ట ఒకటి గాల్లో ఉంది.

"కుడికి వదినా... కుడికి... వదినా, కుడికి! కుడి అంటే రాసే చెయ్యి!"

కట్ట తాపీగా ఎడమకి వెళ్లింది. ఎడమన ఉన్నది మరిదే. అతను కాంక్రీటు కలిపే యంత్రం వెనక్కి దూకాడు. టోపీ ఒక పక్కకీ చెప్పు ఒక పక్కకీ పోయాయి. కట్ట అతని తల ఉండాల్సిన చోట కాసేపు నిలబడి ఊగింది.

"ఇంట్లో ఏదన్నా కోపం ఉంటే ఇంట్లోనే తేల్చుకుందాం వదినా," అన్నాడు రేడియోలో. "ఇనుముతో వద్దు."

సైటంతా నవ్వింది. వదినకు నవ్వు రాలేదు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. "క్రేన్ ఊగుతోంది," అంది.

ఆమె అబద్ధమాడలేదు. నేల మీద ఉన్నవాళ్లకు తల తిరిగితే తల తిరిగిందనే అనుకుంటారు. వాళ్లకు వేరే దారి లేదు. క్రేన్ ఎక్కినవాళ్లకు ఆ నేరం క్రేన్ మీద మోపే సౌకర్యం ఉంది. నిజంగానే నమ్మి మోపింది.

మెకానిక్ వచ్చాడు. జుట్టంతా నెరిసిన మనిషి, అందరికీ బోల్టు బాబాయ్. సోమవారం బోల్టులన్నీ బిగించాడు. బుధవారం మళ్లీ ఊగిందంటే గాలి కొలిచే పరికరం చూశాడు, గాలి సున్నా. శుక్రవారం మూడోసారి ఫిర్యాదు వెళ్లింది. బాబాయ్ క్రేన్ కొక్కేన్ని ఖాళీగా నిలబెట్టించి, రొప్పుతూ రెండొందల పన్నెండు మెట్లూ ఎక్కి, గాజుగది గుమ్మంలో కూలబడ్డాడు.

"ఎప్పుడు ఊగుతుంది తల్లీ?"

"మధ్యాహ్నం రెండు దాటాక బాబాయ్."

"పొద్దున?"

"పొద్దున ఊగదు."

"మంచి క్రేనే. టైము చూసుకుని ఊగుతోంది." చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. "నీళ్లున్నాయా? ప్రాణం పోయేలా ఉంది."

సంచిలోంచి సీసా తీసి ఇచ్చింది. ఆయన మూత మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. మూతి దాకా నిండుగా ఉంది, ఒక్క చిన్న గాలి బుడగకు మాత్రం చోటుంది.

"ఎప్పుడు నింపింది ఇది?"

"పొద్దున."

"ఇప్పుడు రెండున్నర."

ఆయన నీళ్లు తాగలేదు. సీసాను పిడుల మధ్య ఉన్న చదును రేకు మీద అడ్డంగా పడుకోబెట్టాడు, మేస్త్రీ గోడ మీద రసమట్టం పెట్టినట్టు. బుడగ సీసా మధ్యకొచ్చి ఆగింది.

"కదలకుండా కూర్చో. క్రేన్ ఊగుతోందా?"

"ఊగుతోంది బాబాయ్."

"బుడగని చూసి చెప్పు."

ఆమె చూసింది. ఊరంతా నెమ్మదిగా పక్కకి ఒరుగుతోంది, దూరపు ఇళ్ల కప్పులు ఒరుగుతున్నాయి, బాబాయ్ ఒరుగుతున్నాడు. బుడగ ఒక్కటే మేకు కొట్టినట్టు ఉన్నచోటే ఉంది. చాలాసేపు చూసింది. ఆ నాలుగడుగుల గదిలో నేరం మోపడానికి ఇక ఎవరూ మిగల్లేదు.

"చెయ్యి వెనక చర్మం గిల్లి వదులు," అన్నాడాయన.

గిల్లింది. లేచిన ముడత వెంటనే దిగలేదు. తీరిగ్గా, ఆలోచించుకుని దిగింది. బాబాయ్ తల తిప్పుకుని బయటి బోల్టుల కేసి చూస్తూ, వాటినే అడుగుతున్నట్టు అడిగాడు:

"పొద్దున్నే వెళ్లినప్పుడు రంగెలా ఉంటోంది? ఎండుగడ్డి రంగా, పాలు పొయ్యని టీ రంగా?"

వదిన ఆకాశం కేసి తిరిగింది. "టీ," అంది, వినబడీ వినబడకుండా.

"నాకూ టీయే. పదేళ్ల కిందట. పట్టించుకోలేదు. తర్వాత మూత్రపిండంలో రాయి. అది బయటికొచ్చేదాకా నేను చేసిన శబ్దాలకి వీధిలో కుక్కలు ఇల్లు మారాయి." సీసా చేతికిచ్చాడు. "తాగు. గటగటా కాదు, కొంచెం కొంచెం."

ఆమె సీసాను పట్టుకుని కూర్చుంది. "తాగితే దిగాలి బాబాయ్."

"తాగకపోతే నేను దింపాలి. బుట్టలో."

తాగింది. సగం సీసా అయ్యాక మూత పెట్టింది. బాబాయ్ పక్కనున్న క్రేన్ పుస్తకం తీసి ఒళ్లో పెట్టాడు. అందులో మూడు గళ్లు: లోపం, కారణం, సరిచేసే దారి. రాయాల్సింది ఆపరేటరు, సంతకం మెకానిక్‌ది. సంతకమైన మాటను రేడియోలో చదివి వినిపించాలి, కారణం తొలిగేదాకా క్రేన్ కదలకూడదు. ఎప్పుడో ఒకసారి లోపం దాచిపెట్టారన్న కోపంతో ఆ నియమం పెట్టింది ఇంజనీరే.

"గాలి అని రాస్తే సంతకం పెట్టను, గాలి లేదు," అన్నాడు బాబాయ్. "బోల్టు అని రాసినా పెట్టను, బిగించింది నేనే."

"కళ్లు తిరిగాయని రాస్తే నా కార్డు పోతుంది."

"పోవచ్చు. రాయకపోతే ఏం పోతుందో నీకు తెలీదా?"

వదిన పాదాల కింద గాజులోంచి చూసింది. అరవై మీటర్ల కింద పసుపు టోపీ ఒకటి, గోరంత, అటూ ఇటూ తిరుగుతోంది. సోమవారం ఆ టోపీ ఒక పక్కా చెప్పు ఒక పక్కా పడ్డాయి. కలం తీసుకుంది.

రాసింది చూసి బాబాయ్ మీసం కింద ఏదో గొణుక్కుని సంతకం పెట్టాడు. రేడియో మీట నొక్కి, ఎవరో పెద్దమనిషి పోయిన వార్త చదువుతున్నంత గంభీరంగా చదివాడు:

"లోపం: ఆపరేటరుకు మధ్యాహ్నం కళ్లు తిరుగుతున్నాయి. క్రేన్‌లో లోపం లేదు. కారణం: నీళ్లు తాగటం లేదు. తాగితే దిగాలి. దిగితే తాళంచెవి సారు కుర్చీ వెనక ఉంది. సరిచేసే దారి: తాళంచెవి నిచ్చెన మొదట్లో వేలాడదీయాలి. రోజుకు రెండుసార్లు క్రేన్ ఆపాలి."

సైటులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. వదిన రెండు చేతులతో మొహం కప్పుకుంది. అరవై మీటర్ల ఎత్తున దాక్కోవడానికి గాజు గోడలు తప్ప ఏమీ లేవు.

"ఇది... రేడియోలో చదవాలా?" అన్నాడు ఇంజనీరు.

"నియమం సార్. తమరిదే."

"కళ్లు తిరిగే మనిషిని పైన ఎలా ఉంచుతామయ్యా?"

"ఇవాళ్టికి నేను నడుపుతాను సార్. రేపు నాకు వేరే సైటుంది."

కింద కాంక్రీటు లారీ పొట్ట తిప్పుకుంటూ నిలబడి ఉంది. ఇంకో గంటన్నర దాటితే అందులో ఉన్నది బండరాయి. కొత్త ఆపరేటరు రావాలంటే వారం. తాళంచెవి మేకు నుంచి తీయాలంటే రెండు సెకన్లు. ఇంజనీరు మనసులో దయ పుట్టిందో లేదో తెలియదు గానీ, కాంక్రీటు గట్టిపడేలోగా న్యాయం జరిగింది. "డాక్టరు చూసేదాకా కార్డు జోలికి వెళ్లను. తాళంచెవి పంపిస్తున్నా," అన్నాడు. తర్వాతి వారం డాక్టరు అన్నీ పరీక్షించి, కార్డు మీద ముద్ర వేసి, పక్కన 'నీళ్లు' అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

కానీ ఆ రోజు ఇంకా దిగడం మిగిలే ఉంది. అరగంట కూర్చున్నాక ఇళ్ల కప్పులు కుదురుకున్నాయి. నడుముకు పట్టీ బిగించుకుని రేడియోలో ఒక్క మాట అంది: "దిగుతున్నా."

రెండొందల పన్నెండు మెట్లు. మెట్టు మెట్టుకీ పట్టీ కొక్కెం తగిలిస్తూ తీస్తూ, ఇంత నెమ్మదిగా, ఇంత బహిరంగంగా ఆ పనికి వెళ్లిన మనిషి లోకంలో ఉండదనుకుంది. కింద నలభైమంది ఉన్నారని తెలుసు. చూడకూడదనుకుంటూనే చూసింది. నలభైమందీ వీపులు తిప్పి, ఇసుకలో ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతున్నారు. వాళ్లు చూసి ఉంటేనే నయమనిపించింది.

నిచ్చెన మధ్య ఆగి నిలబడేందుకు ఉన్న పలకల్లో ఆఖరిదాని మీద మరిది కమ్మీని రెండు చేతులా కావలించుకుని ఉన్నాడు. తాళంచెవి పళ్ల మధ్య ఉంది. ఎదురెళ్లి ఇద్దామని ముప్ఫై మెట్లు ఎక్కి, కిందికి చూసి, అక్కడే ఉండిపోయాడు.

"కిందికి చూడకు వదినా," అన్నాడు పళ్లు విప్పకుండా.

"ముందు నువ్వు కళ్లు తెరువు," అంది వదిన. నోట్లోంచి తాళంచెవి తీసుకుని, పట్టీ రెండో కొక్కెం అతనికి తగిలించి, మెట్టు మెట్టుకీ పాదం ఎక్కడ పెట్టాలో చెబుతూ దింపింది.

మరుగుదొడ్డి తలుపు దగ్గర మరో చిక్కు. నెలల తరబడి తెరవని తాళం. చెవి లోపలికి వెళ్లింది గానీ తిరగలేదు. ఆమె నుదురు తలుపుకు ఆనించింది. పది అడుగుల దూరంలో వీపు తిప్పి నిలబడ్డ మరిది, అలవాటు కొద్దీ రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎడమకి వదినా... కొంచెం ఎడమకి. ఎడమ అంటే రాయని చెయ్యి."

తాళం టక్కుమంది. ఆ చప్పుడు నలభై నడుముల దగ్గర ఒకేసారి వినిపించింది. తలుపు మూసుకుంది, లోపలి గడియ పడింది. పైన బాబాయ్ చేతిలో క్రేన్ మెల్లగా కదిలింది.