కడిగినా పోని పసుపు

బడిలో నాయనమ్మలు, తాతల రోజట. నాయనమ్మ ఒళ్లో కూర్చున్న ఫొటో ఒకటి తెమ్మన్నారని మా పాప మొన్న నా ఫోన్ లాక్కుంది. తొమ్మిదేళ్లది. అందులో దానివి వేల ఫొటోలున్నాయి, తుమ్మితే తీసినవి కూడా. మా అమ్మ, నేను అవ్వా అని పిలుస్తాను, ఆమె ఒళ్లో ఉన్నది మాత్రం ఒక్కటీ లేదు. "ఎందుకు లేదు డాడీ?" అంది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఎందుకు లేదో నాకు తెలుసు.

పెళ్లయిన ఏడేళ్లకు పుట్టిన బిడ్డ. భయం ఉండదా? ఉంటుంది. కానీ మాది భయం కాదు, పిచ్చి. ఫోన్‌లో ఎవరో తెల్లకోటు వేసుకుని క్రిములంటే చాలు, నేనూ నా భార్యా గుడ్లప్పగించి చూసేవాళ్లం. గిలక్కాయలు ఉడకబెట్టాం. నిజామాబాద్‌లో మా ఇంట్లోకి పాల ప్యాకెట్ కూడా సబ్బుతో స్నానం చేశాకే వచ్చేది. కరెంటు బిల్లు కొట్టేవాణ్ని మెట్ల దగ్గరే ఆపేవాణ్ని. నవ్వుకునేవాడు. నవ్వడా మరి!

నవీపేట్ దగ్గర మా ఊళ్లో అవి పసుపు ఉడకబెట్టే రోజులు. మనవరాలిని ఆసుపత్రిలో దూరం నుంచి చూసిందే తప్ప అవ్వ ఇంకా ఎత్తుకోలేదు. నా భార్య మూడు నెలల బిడ్డతో పుట్టింటి నుంచి వచ్చిందని తెలిసి, పని ఆపుకుని బస్సెక్కి వచ్చింది. చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని, పాప కోసం చేతులు చాచింది. అరచేతులు, గోళ్ల సందులు అన్నీ పసుపే.

"చేతులు కడుక్కో అవ్వా," అన్నాను. కడుక్కుని వచ్చింది. రంగు అలాగే ఉంది. మళ్లీ పంపాను.

"కడిగిన బిడ్డా. గిది మురికి గాదు, పసుపు. నీకెర్క లేదా?" అంది తిరిగొచ్చి.

ఎరుకే. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ని. పసుపు కొమ్ములు పట్టిన చెయ్యి వారం దాకా తెల్లబడదని తెలియక కాదు. నా మోకాలు చెక్కుకుపోయినప్పుడల్లా ఆ చేతులే ఇంత పసుపు అద్దేవి. అయినా మూడోసారి పంపాను. సిగ్గులేని ముఖం నాది.

ఈసారి చాలాసేపు రాలేదు. నల్లా చప్పుడు వినిపిస్తూనే ఉంది. గిన్నెలు తోమే స్టీలు పీచుతో రుద్దుకుందట. వేళ్ల కణుపుల మీద తోలు లేచి నెత్తురు చెమ్మ. అది చూసి కొడుకన్నవాడు ఏమనాలి? నేనేమన్నానో తెలుసా? "నెత్తురు అంటుకుంటది అవ్వా, ఇయ్యాల వద్దు."

"మంచిది బిడ్డా, పిల్లను పైలంగ జూస్కో," అంది. చేతులు కొంగులో దాచుకుని, గడపలో నిలబడి పాపను కాసేపు చూసి, చాయ్ కూడా తాగకుండా పోయింది.

పాప మట్టి తినడం మొదలుపెట్టాక మా పిచ్చి దానంతటదే దిగింది. "ఎత్తుకో అవ్వా," అంటే, "వద్దు బిడ్డా, చేతులు మంచిగ లెవ్వు," అనేది. పసుపు పనే లేని వానాకాలంలోనూ అదే మాట. ఎన్నిసార్లు బతిమాలినా కొంగులోంచి చేతులు తీయలేదు.

ఆదివారం పాపను ఊరికి తీసుకుపోయాను. "ఒక్కసారి ఒళ్లో కూసోబెట్టుకో అవ్వా," అన్నాను. అవ్వ నవ్వింది. "ఏడ వడ్తది బిడ్డా, నా భుజం దాక వచ్చె!" పాప సిగ్గుపడి మంచం చివర కూర్చుని ఫోన్ చూసుకుంటోంది.

పిల్లలు ఒళ్లో పట్టే కాలం ఎంతని? మూడేళ్లో, నాలుగేళ్లో. ఆ కాలమంతా నేను మా అవ్వతో చేతులు కడిగించాను.