లైటేస్తే ఆగిపోయే కారు

ఆదోనిలో ఉత్త మాబు సాబ్ అని అడిగితే ఎవరికీ తెలిసేది కాదు. అంబాసిడర్ మాబన్న అంటే మాత్రం బస్టాండులో పూలమ్మే ఆమె కూడా చెయ్యెత్తి చూపించేది. చిన్నప్పుడు పత్తి లారీల మీద క్లీనరుగా చేరి, తర్వాత డ్రైవరై, చివరికి ఒక షావుకారు వాడి వదిలేసిన నల్ల అంబాసిడర్‌ను తన సొంతం చేసుకున్నాడు. పెళ్లిళ్లకూ, మంత్రాలయం పోయే యాత్రికులకూ, రోగమొచ్చినోళ్లకూ అదే కారు. పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే కారు అద్దం తుడిచేవాడు. "ఇంకో పెండ్లాం" అని ఆయన భార్య నూర్ బీ ఎగతాళి చేసేది.

డెబ్బై ఎనిమిదిలోనో, డెబ్బై తొమ్మిదిలోనో ఆ కారుకు ఒక జబ్బు పట్టుకుంది. పగలంతా బంగారమే. పొద్దుగూకి లైట్లు వేస్తే చాలు, ఆగిన చోట ఇంజను చలిజ్వరమొచ్చినట్టు వణికేది. రెండు దగ్గులు దగ్గి ఆరిపోయేది. వానలో వైపరు కూడా తిప్పితే ఇంకా తొందరగా ఆరిపోయేది. పరుగు మీదుంటే ఏ బాధా లేదు. స్లోలో నిలబడితేనే.

ఎమ్మిగనూరులో మగ్గాల పేట పక్కన షెడ్డు పెట్టుకున్న శేషప్పకు చూపించినాడు. శేషప్ప కార్బురేటర్ విప్పి కడిగినాడు, ప్లగ్గులు మార్చినాడు, డైనమోకు బ్రష్షులు వేసినాడు. చివరికి కొత్త బ్యాటరీ కూడా పెట్టినాడు. ఏం చేసినా రెండు దినాలు బాగుండి మళ్లీ అదే దగ్గు.

"కరెంటు యాడనో తగ్గిపోతాందన్నా," అన్నాడు శేషప్ప చేతులు తుడుచుకుంటా. "లైట్లే తాగేస్తాండాయి, ఇంజనుకు మిగల్డంల్యా. ఒక దినం పొద్దన్నే తెచ్చి ఇడ్సిపో. వైర్లన్నీ ఒకటొకటే సూస్తా."

"ఇడుస్తాలే," అన్నాడు మాబు సాబ్.

విడవలేదు. ఆ వారం పెళ్లిళ్లు, పై వారం ఉరుసు, ఆ తర్వాత ఆరాధనకు మంత్రాలయం బాడుగలు. ఈలోగా ఆయన కాలు ఒక ఉపాయం నేర్చుకుంది. లైట్లు వేసి ఎక్కడైనా ఆగాల్సొస్తే క్లచ్ తొక్కి, యాక్సిలేటర్‌ను కొంచెం నొక్కి పట్టుకొని, ఇంజను గొంతు జారకుండా కాపాడుకునేవాడు. ఎక్కువసేపు ఆగాలంటే లైట్లు ఆర్పేసేవాడు. కొన్నాళ్లకు ఆ ఉపాయం చూసి ఆయనకే ముచ్చటేసింది. స్టాండులో తోటి డ్రైవర్లతో, "ఈ గుర్రం నా కాలికి తప్ప ఇంగెవరికీ లొంగదప్పా" అని చెప్పుకునేవాడు.

నూర్ బీ ఒకసారి విని, "జబ్బు మందుకు లొంగాల గానీ, నీ కాలికి లొంగేదేంది?" అంది. ఆయన నవ్వి బాడుగకు పోయినాడు.

ఆ కార్తీకంలో ముసురు పట్టింది. ఎమ్మిగనూరులో పెళ్లివాళ్లను దించి మాబు సాబ్ ఖాళీ కారుతో ఆదోనికి తిరిగొస్తా ఉన్నాడు. ఒక పల్లె మలుపు కాడ రోడ్డుకు అడ్డంగా చేతులు చాపి నిలబడినాడు ఒక మనిషి. తలమీద గోనెసంచి, మోకాళ్ల దాకా బురద. పేరు ఉచ్చీరప్ప. ఎకరాలున్నా వాన పడితేనే పంట కళ్లజూసే సేద్యగాడు.

"అన్నా, నా పెండ్లాం నిన్నట్నుంచి నొప్పులు పడతాంది. బిడ్డ అడ్డం తిరిగిందంట. మంత్రసాని నాతో కాదనేసింది. ఆదోని ఆస్పత్రికి నీ కారే దిక్కు."

మాబు సాబ్ బాడుగ మాటెత్తలేదు. కారు ఇంటి ముందుకే పోనిచ్చినాడు. ఉచ్చీరప్ప భార్య హులిగమ్మను ఇద్దరాడోళ్లు పట్టుకొచ్చి వెనక సీట్లో పండబెట్టినారు. ఉచ్చీరప్ప తల్లి ఆమె తలను ఒళ్లో పెట్టుకుంది. ఉచ్చీరప్ప ముందు కూర్చున్నాడు.

కారు కదిలినాక నొప్పికీ నొప్పికీ మధ్య సందు దొరికింది. హులిగమ్మ పైకి చూసి, "నేనెప్పుడూ కార్లో ఎక్కల్యా అన్నా. పైన ఇంత మెత్తగా గుడ్డ కుడతారా?" అంది. మాబు సాబ్ అద్దంలో చూసినాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. "బిడ్డతో తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చుందువులేమ్మా," అన్నాడు. ఆమె నవ్వబోయింది. అంతలోనే నొప్పి వచ్చి పెదవి కొరుక్కుంది.

మబ్బుకు పొద్దు ముందే గూకింది. వంక కాడికి వచ్చేసరికి రోడ్డు మీద నీళ్లు పారుతా ఉన్నాయి. లోతు మోకాలి కంటే తక్కువే. ఆదోని మార్కెట్టుకు పోయే పత్తిబండ్లు వరసగా దాటుతా ఉన్నాయి. అవతల నుంచి ఒక బస్సు దిగుతా ఉంది. చీకట్లో ముందున్న బండి వెనకభాగం కూడా కనబడటం లేదు. మాబు సాబ్ లైట్లు వేసినాడు. వైపరు అప్పటికే తిరుగుతా ఉంది.

నీళ్లలో సగం దూరం పోయినాక ముందు బండి ఎద్దు బస్సు హారనుకు బెదిరి నిలబడిపోయింది. అక్కడ రోడ్డు పల్లానికి వాలి ఉంది. కారు ముందుకు జారి బండికి తగలబోయింది. బ్రేకు తొక్కాల. క్లచ్ తొక్కాల. యాక్సిలేటర్ వదలకూడదు. మూడింటికీ మనిషికున్నవి రెండే కాళ్లు. కుడికాలు బ్రేకు మీదికి పోయింది.

ఇంజను వణికింది. ఒక దగ్గు దగ్గింది. చెయ్యి లైటు స్విచ్చి మీదికి పోయేలోపలే రెండో దగ్గూ దగ్గి ఆరిపోయింది.

సెల్ఫ్ కొడితే గుర్రుమని మూలిగింది తప్ప తిరగలేదు. మాబు సాబ్ నీళ్లలోకి దూకి, ముందు నుంచి హ్యాండిల్ పెట్టి ఇంజనును తిప్పినాడు. అరచేతుల తోలు లేచింది. ఉచ్చీరప్పా, బండ్లోళ్లూ కలిసి కారును గట్టు మీదికి తోసినారు. అప్పటికే వంక నీళ్లు ఇంజనులోకి చిమ్మి తడిపేసినాయి. ఎంత తోసినా అది అందుకోలేదు. లోపల హులిగమ్మ అరుపులు సన్నబడతా వచ్చినాయి. ఆ అరుపులు పెద్దగా వినపడితే బాగుండునని మాబు సాబ్‌కు అనిపించింది.

తిక్కయ్య అనే బండిమనిషి ఇంగ చూడలేక తన బండిలోని పత్తి కుక్కిన గోనె బోరెలను బురదలోకి తోసేసినాడు. "ఎక్కించండప్పా! సూస్తా నిలబడతారేంది!" అని అరిచినాడు. కొంచెం పత్తి కింద పరిచి ఆమెను పండబెట్టినారు. మాబు సాబ్ కారును అక్కడే వదిలేసి బండి వెనక పరిగెత్తినాడు. ఆదోని దీపాలు కనబడే చోట ఉచ్చీరప్ప తల్లి ఒక్కసారిగా గుండెలు బాదుకుంది. ఎద్దులు మాత్రం అట్లే నడుస్తా ఉన్నాయి. ఆస్పత్రిలో నర్సమ్మ చెయ్యి పట్టి చూసి, కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, "ఇంతసేపు యాడున్నారప్పా?" అంది. తల్లీ పోయింది, బిడ్డా పోయింది.

ముసురు విడిచినాక శేషప్పను తోడు పెట్టుకొని మాబు సాబ్ కారు కాడికి పోయినాడు. శేషప్ప ఇంజనును ఆరబెట్టి స్టార్ట్ చేసినాడు. పట్టపగలే లైట్లు వేయించినాడు. మళ్లీ అదే వణుకు. అప్పుడు ఒక లావు వైరు ముక్క తీసుకొని, ఒక కొన బ్యాటరీ ఎర్తు మీద పెట్టి, రెండో కొన కారు బాడీ ఇనుముకు గీరి ఆనించినాడు. ఇంజను చప్పున సర్దుకుంది. నిద్రపోయే బిడ్డ ఊపిరి మాదిరి నిదానంగా ఆడింది. లైట్లు తెల్లగా వెలిగినాయి.

ఎర్తు పట్టీని బాడీకి బిగించిన బోల్టు విప్పితే దాని కింద తుప్పు పట్టి ఉంది. కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారి అక్కడే సగం మూసుకుపోయింది. శేషప్ప గరుకు కాగితంతో రుద్ది మళ్లీ గట్టిగా బిగించినాడు. బీడీ కాల్చినంత సేపు కూడా పట్టలేదు.

"ఇంతేనా?" అన్నాడు మాబు సాబ్.

"ఇంతేన్నా. ఆ పొద్దు ఇడ్సిపొమ్మంటి..." శేషప్ప మాట మధ్యలోనే మింగేసి స్పానర్లు సర్దుకున్నాడు.

మాబు సాబ్ రోడ్డు పక్కన కూలబడినాడు. ఇంజను ఆడుతానే ఉంది.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. జబ్బు మందుకు లొంగాలని ఆ పొద్దన్న మాట నూర్ బీ మళ్లీ అనలేదు. అని ఉంటే బాగుండేది. చివరికి ఒకనాడు పల్లెకు పోయినాడు. ఉచ్చీరప్ప చేనిగట్టు మీద ఉత్తగా కూర్చొని ఉన్నాడు. మాబు సాబ్‌ను చూసి లేచి నిలబడి, "రా అన్నా. ఆ పొద్దు నువ్వు పడిన పాట్లు మా అమ్మ ఊరంతా సెప్పుకుంటాంది. సొంత అన్న గూడా అంత సెయ్యడు," అన్నాడు.

మాబు సాబ్ తల అడ్డంగా ఊపినాడు. "అది గాదు ఉచ్చీరప్పా. ఆ కారు జబ్బు నాకు ముందే తెలుసు. బాగుచేయించుకోల్యా. ఒక్క బోల్టు కింద తుప్పు..."

ఉచ్చీరప్ప చెయ్యి అడ్డం పెట్టినాడు. "సెప్పొద్దు."

"సెప్పకపోతే నేను..."

"వద్దన్నా. నీకు దండం పెడతా. దేవుడు రాసిన రాతని సెప్పుకోని ఎట్లనో కండ్లు మూసుకుంటాండా. ఇప్పుడు నువ్వొచ్చి బోల్టంటే నేనెట్ల నిద్రపోవాల?"

పత్తిచేలో నీళ్లు నిలిచి కాయలు నల్లబారి ఉన్నాయి. ఉచ్చీరప్ప మళ్లీ గట్టు మీద కూర్చొని చేనువైపు తిరిగినాడు. చెప్పడానికొచ్చిన మాట నోట్లోనే పెట్టుకొని మాబు సాబ్ వెనక్కి వచ్చినాడు.

కారును కోడుమూరు నుంచి వచ్చిన ఒకాయన కొనుక్కున్నాడు. లైట్లు వేసి చూసి, "భలే ఉందే సాబూ, గడియారం మాదిరి ఆడతాంది! ఎందుకమ్ముతాండావు?" అన్నాడు. చూపు తగ్గిందని చెప్పి తాళాలు ఇచ్చేసినాడు మాబు సాబ్. ఆ తర్వాత మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. ఆదోనిలోనే ఒక పత్తిమిల్లులో బోరెలు మోసే పనికి చేరినాడు. తోటి హమాలీలు ఆయన కంటే సగం వయసువాళ్లు. నూర్ బీ రోజూ రాత్రి వేణ్ణీళ్లతో ఆయన భుజాలకు కాపడం పెట్టేది.

ఏటా పత్తి కాలంలో ఉచ్చీరప్ప ఆ మిల్లుకే బండి తోలుకొచ్చేవాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మాబు సాబ్ ఎవరినీ రానివ్వకుండా అతని బోరెలు తానే దించేవాడు. దించినంతసేపూ ఉచ్చీరప్ప ఎద్దుల పక్కన నిలబడి, ఈసారి వాన ముందే పోయిందనీ, కాయ సరిగ్గా పగల్లేదనీ చెప్పేవాడు. మాబు సాబ్ బరువు కింద తల వంచుకొని, ఊఁ అనేవాడు.