కట్టుడు పళ్ల బల్ల మీద విమానం

ఆ డబ్బా చూడగానే నేను అరిచిన అరుపుకి షాపాయన చేతిలో టీ ఒలికింది. పంజాగుట్టలో పాత ఆటబొమ్మల షాపు ఒకటి మూసేస్తున్నారంటే, ఇంటికెళ్లే దారే కదా అని ఊరికే తొంగిచూశాను. పై అరలో, దుమ్ములో, అంచులు చివికిపోయిన అట్టపెట్టె. దాని మీద విమానం బొమ్మ. ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు, పైకప్పు లేని రెండు సీట్లు, ఒకదాని వెనక ఒకటి. అచ్చం మా అత్తగారి ఫోటోలో ఉన్న విమానం!

"గది పాతకాలం కిట్టు మేడం," అన్నాడాయన చొక్కా తుడుచుకుంటూ. "లోపల ముక్కలు ముక్కలుంటది, మీరే అతికించుకోవాలె. మస్తు రోజుల సంది గాడనే పడున్నది. ఎవ్వడు అడుగుతలేడు."

"నేను అడుగుతున్నాను కదండీ, ముందు కిందికి దించండి!" అన్నాను. ఇంకెవరో వచ్చి ఎగరేసుకుపోతారేమోనని నా భయం. షాపులో నేను తప్ప ఈగ కూడా లేదు.

ఆ ఫోటో సంగతి ముందు చెప్పాలి. మా అత్తగారి తండ్రి ప్రభుత్వోద్యోగి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకి మారినప్పుడు సంసారాన్ని తెచ్చి అమీర్‌పేటలో పెట్టారు. పక్కనే బేగంపేట విమానాశ్రయం. పొద్దస్తమానం నెత్తి మీంచి విమానాలు పోతుంటే పిల్లకి పిచ్చి పట్టింది. కాలేజీలో చదువుకుంటూనే అక్కడి ఫ్లయింగ్ క్లబ్బులో చేరి, పెళ్లి కుదిరేదాకా విమానం నడిపారట. ఇది ఆవిడ చెప్పే మాట. ఇంట్లోవాళ్ల మాట వేరు. ఆ రోజులది మిగిలింది ఒకే ఒక్క ఫోటో. అందులో ముందు సీట్లో తోలుటోపీ పెట్టుకున్న ఒకాయన, వెనక సీట్లో మా అత్తగారు ఉన్నారు. ఇంకేం కావాలి? ముందు కూర్చున్నవాడు డ్రైవరు, వెనక కూర్చున్నావిడ ప్యాసింజరు. కేసు కొట్టేశారు.

మా మామగారు బతికున్నన్నాళ్లూ చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ ఫోటో చూపించి, "మా ఆవిడ వెనక సీట్లో కూర్చుని విమానం తోలింది," అని అందర్నీ నవ్వించేవారట. ఆయన పోయాక ఆ ఉద్యోగం మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి, వారసత్వంగా వచ్చింది. "అమ్మా, నువ్వు ఆటో ఎక్కి కూర్చున్నా ఆటో నడిపినట్టేనా?" అంటారు. అందరూ గొల్లుమంటారు. అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్లిపోతారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. కానీ ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏముంది?

ఆవిడ ఎనభయ్యో పుట్టినరోజు దగ్గరకొస్తోంది. శ్రీనగర్ కాలనీలో మా ఇంట్లోనే భోజనాలు. చుట్టాలందరూ వస్తారు, ఫోటో బయటికొస్తుంది, బావగారు మొదలుపెడతారు. "నాకేమీ చెయ్యొద్దమ్మా," అన్నారు అత్తగారు ఒక సాయంత్రం. "నమ్మకపోతే పోనీ. ఆ నవ్వొక్కటీ లేకుండా ఒక్క పూట గడిస్తే చాలు." అందుకే ఆ డబ్బా చూసి అరిచాను. ఆవిడ విమానాన్ని ఆవిడ చేతిలో పెట్టాలని ఆ క్షణానే నిర్ణయించేసుకున్నాను.

నేను అమీర్‌పేటలో ఒక డెంటల్ ల్యాబులో పనిచేస్తాను. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు, మేం కట్టుడు పళ్లు చేసి పంపిస్తాం. మధ్యాహ్నం గబగబా నాలుగు ముద్దలు తిని, బల్ల మీద పళ్ల సెట్లు పక్కకి జరిపి, డబ్బా విప్పాను. పక్క బల్ల దగ్గర పనిచేసే కుర్రాణ్ణి తమ్ముడనే అంటాను. బోరబండ నుంచి వస్తాడు, వాడి నోటికి తాళం ఉండదు. వంగి చూసి, "గిదేందక్కా, విమానానికి సుత పండ్లు పెడ్తున్నవా?" అన్నాడు.

"పెడతాను. ముందు నీ నోరు మూతపడేలా నీకో సెట్టు చేస్తాను, ఆగు," అన్నాను.

ఇక ఆ కిట్టు! ఎవడు చేశాడో కానీ వాడికి ఓ దణ్ణం. ముక్కు చూస్తే గారె కుక్కుకున్న బుగ్గలా ఉబ్బి ఉంది. అసలు విమానానికి రెక్కల మీద గుడ్డ ఉంటుందట, ఆ నేత కనిపించాలని గీతలు పెట్టాడు, అవి గోనెసంచిలా తేలాయి. ఫోటోలో రెక్కలు కొంచెం వెనక్కి వాలి ఉంటాయి, వీడివి బల్లచెక్కల్లా తిన్నగా ఉన్నాయి. అంతకన్నా పెద్ద దెబ్బ సీట్ల దగ్గర తగిలింది. ముందు సీట్లో మీటర్ల పలక, నడిపే కర్ర, అన్నీ ఉన్నాయి. వెనక సీటు ఉత్త గుంట. ఏమీ లేదు! వెనక కూర్చున్నవాళ్లకి పట్టుకోవడానికి ఏమీ లేకపోతే ఇక నడిపేదేమిటి? ఈ ప్లాస్టిక్ ముక్కలు కూడా బావగారి పక్షమే చేరాయే అనిపించింది.

అయినా ఊరుకునే రకాన్ని కాదు నేను. ఇలాంటి బొమ్మ విమానాలు కట్టేవాళ్లు ఫోన్లలో గుంపులు పెట్టుకుంటారని విని, ఒకదాంట్లో చేరి, ముక్కలన్నిటి ఫోటోలు పెట్టి, దీంట్లో తప్పులేమిటో చెప్పండి మహాప్రభో అన్నాను. మర్నాడు ల్యాబులో పెరుగన్నం తింటుంటే జవాబొచ్చింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. ముక్కు లావు, రెక్కలు తిన్నన, ఇవి నాకు తెలిసినవే. ఆ కింద ఇంకో మాట రాశాడు. ఈ కిట్టులో అన్నిటికన్నా పెద్ద తప్పు వెనక సీటు. అక్కడ కూడా మీటర్లు, కర్ర, పెడళ్లు పూర్తిగా ఉండాలి. ఇది నేర్పించే విమానం, గురువు ముందు కూర్చుంటాడు, నేర్చుకునేవాళ్లు వెనక. ఒంటరిగా నడిపేటప్పుడు పైలట్ కూర్చునేది వెనక సీట్లోనే.

నేను ఎగిరి గంతేశాను. నిజంగానే! పెరుగన్నం డబ్బా ఒకవైపు, నేనొకవైపు.

"ఏమైందక్కా, లాటరీ తగిలిందా?" అన్నాడు తమ్ముడు.

"లాటరీ కాదురా, మా అత్తగారు!" అన్నాను. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఒంట్లో బాగాలేదని పచ్చి అబద్ధం చెప్పి, ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. అత్తగారు టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా ఎదురుగా చతికిలబడ్డాను.

"అత్తయ్యా, ఆ విమానాన్ని ఒక్కళ్లే నడిపితే ఎక్కడ కూర్చుంటారు?"

"వెనక," అన్నారావిడ చిక్కుడుకాయ తుంచుతూ.

"ఎందుకని?"

"ముందు సీటు రెక్కల నడుమ ఉంటుంది. అక్కడ మనిషి ఉన్నా లేకపోయినా తూకం మారదు. వెనక మనిషి తప్పకుండా ఉండాలి. అందుకని."

"మరి ఇన్నేళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదండీ?"

ఆవిడ నావైపు వింతగా చూశారు. "చెప్పకపోవడమేంటమ్మా? పెళ్లైన కొత్తలోనే మీ మామగారికి చెప్పాను. వెనక కూర్చుని నడపడానికి అదేమైనా బెస్తవాళ్ల పడవా అన్నారు. పిల్లలకి చెప్పాను. వాళ్లూ నవ్వారు. ఎన్నిసార్లని చెప్పను?"

నాకు ఒకేసారి ఏడుపూ కోపమూ సంతోషమూ ముంచుకొచ్చాయి. ఆవిడ చేతిలోంచి చిక్కుడుకాయలు లాగేసుకుని, "మీటర్లు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పండి," అన్నాను. ఆవిడ కళ్లు మూసుకున్నారు. కుడిచెయ్యి ఒళ్లో లేని కర్రని పట్టుకుంది. ఎడమచెయ్యి పక్కకి వెళ్లి దేన్నో మెల్లగా ముందుకి తోసింది. "ఇది ఇంజనుకి. ఇక్కడ వేగం. ఇది ఎత్తు. దిక్సూచి కింద, మోకాళ్ల మధ్య, పెద్దది, గిన్నెంత." మోకీళ్ల నొప్పులావిడ రెండు పాదాలూ పెడళ్ల మీదున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతున్నారు. టీవీలో సీరియల్ దారి సీరియల్‌ది, ఆవిడ మాత్రం బేగంపేట మీద ఎక్కడో ఉన్నారు.

ఆ మర్నాటి నుంచి చూడాలి నా హడావుడి. ల్యాబులో పళ్లు అరగదీసే మోటారుకి బర్రు, అంటే తొలిచే సన్నని ముల్లు, తగిలించి, పుచ్చుపన్ను తొలిచినట్టు వెనక సీటు గుంటని తొలిచాను. వేలిగోరంత జాగాలో మీటర్ల పలక పెట్టాను, కర్ర పెట్టాను, గిన్నెలాంటి దిక్సూచి పెట్టాను. ముక్కుని అరగదీసి అరగదీసి సన్నబరిచాను. రెక్కల్ని మొదళ్ల దగ్గర కోసి, వెనక్కి వాల్చి, ముందు మైనంతో నిలబెట్టి చూసుకున్నాను. మా పనిలో అంతే, మైనం మీద పెట్టి నోట్లో సరిపోయిందో లేదో చూడనిదే ఏదీ గట్టిచెయ్యం. సరిపోయాక, చిగుళ్లకి వాడే గులాబీరంగు ఆక్రిలిక్ పోసి సందులు నింపాను. రెక్కల మధ్య తీగలకి, ఎత్తుపళ్ల క్లిప్పులకి చుట్టే సన్నతీగ ఉండనే ఉంది. రంగు వెయ్యకముందు ఆ విమానం చిగుళ్లతో నవ్వుతున్నట్టుండేది.

"ఏం రంగు అత్తయ్యా?" అని ఫోన్ చేసి అడిగాను.

"పసుపు. చామంతి పసుపు కాదమ్మా, పసుపుకొమ్ము అరగదీస్తే వస్తుందే, అది."

కిట్టులో ఇద్దరు మనుషులున్నారు, తలలు మినప్పప్పు బద్దలంత. ఒక తలకి ఆక్రిలిక్‌తో జడ పెట్టి వెనక సీట్లో కూర్చోబెట్టాను. రెండోవాణ్ణి, ఫోటోలో ఉన్నట్టే కదా అని, ఇంకేమీ ఆలోచించకుండా ముందు సీట్లో పెట్టి అంటించేశాను. ఉత్సాహంలో మైనం గియ్యం అన్నీ మర్చిపోయాను.

పుట్టినరోజు నాడు భోజనాలయ్యాయి. అత్తగారు కొత్త పట్టుచీరలో సోఫాలో కూర్చున్నారు. విమానం తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని వెనక సీట్లోకి చూశారు. దిక్సూచి దగ్గర వేలు ఆగిపోయింది.

బావగారు ఆవిడ భుజం మీంచి వంగి చూశారు. "ఓహో, బాగుందే! డ్రైవరు ముందు కూర్చున్నాడు, మా అమ్మ వెనక హాయిగా షికారు. మరదలు కూడా నిజమే చేసింది!" గదంతా నవ్వు.

నోరు తెరవబోయాను. నేర్పించే విమానం, గురువు ముందు, తూకం, అన్నీ గొంతు దాకా వచ్చాయి. అంతలోనే అత్తగారు విమానాన్ని నా వైపు చాపారు. ఈసారి లేచి వంటింట్లోకి వెళ్లలేదు.

"ఇతన్ని తీసెయ్యమ్మా," అన్నారు, ముందు సీట్లో ఉన్నవాణ్ణి చూపిస్తూ.

"గట్టిగా అంటుకుపోయాడు అత్తయ్యా."

"పీకెయ్."

నా హ్యాండ్‌బ్యాగులో పట్టకారు ఎప్పుడూ ఉంటుంది. వాడి భుజాలు పట్టుకుని మెలిపెట్టాను. టప్పున శబ్దమైంది, మనిషి ఊడి వచ్చాడు, నడుం కింది భాగం కొంత సీట్లోనే ఉండిపోయింది. దాన్ని కూడా గీకి తీశాను. అత్తగారు విమానం తీసుకుని, కళ్ల ఎత్తుకి పట్టుకుని, వెనక నుంచి ముందుకి చూశారు.

"ఒక్కదాన్నే వెళ్లినప్పుడు ఇలా ఉండేది," అన్నారు. "అంతకుముందు మా గురువు నా ముందు కూర్చుని, మాటలు వినపడటానికి పెట్టిన గొట్టంలోంచి నన్ను తిడుతూ ఉండేవాడు. ఓ రోజు పొద్దున్నే విమానం దింపాక తను కిందికి దిగేశాడు. తన సీటు బెల్టులు కదలకుండా ముడేసి, ఇక నువ్వు పో అన్నాడు. పైకి లేచాక చూద్దును కదా, ఎప్పుడూ ఆయన తల అడ్డం ఉండే చోట ఏమీ లేదు. హుస్సేన్‌సాగర్ మొత్తం కనిపించింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా. అన్నిసార్లు దాని మీద తిరిగానా, అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది."

బావగారి మొహంలో నవ్వు ఆగిపోయింది. చిన్నపిల్లాడిలా అడిగారు, "అంటే... నిజంగా నువ్వే నడిపావా అమ్మా?"

అత్తగారు ఆ ఖాళీ సీటు మీద వేలు పెట్టారు.

"నేను కాకపోతే ఎవరు నడిపార్రా? అందులో ఇంకెవరున్నారు?"