రోహిణిలో పెట్టిన వడియాలు

మా నాన్నకి భవిష్యత్తు మీద గట్టి నమ్మకం ఉండేది. అది బాగుండదని.

కిరండూల్ రైలు లైనులో కీమాన్ ఉద్యోగం ఆయనది. పొద్దున్నే పెద్ద సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచి, సడలినవన్నీ బిగించి, ఇంటికొచ్చి ఊడిపోబోయే ప్రపంచం గురించి చెప్పేవాడు. "ఇంత అడివి నరికేసినాక మబ్బు మాత్రం ఏ మొకం ఎట్టుకుని టైముకొస్తాది? మరంతా అయిపోనాది" అనేవాడు. అయిపోయిందన్నాక ఇంకో గరిటెడు చారు పోయించుకునేవాడు.

అమ్మ వేరే రకం. విజయనగరం దగ్గర పల్లె నుంచి ఆమె వెంట తెచ్చుకున్నది కార్తెల లెక్క. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్నారు పెద్దలు, కాబట్టి బూడిదగుమ్మడి వడియాలు రోహిణిలోనే పెట్టాలి. మొదటి ఏళ్ళలో మేముండే బైలదిల్లా ఇనపగనుల కొండ కూడా ఆ మాట విన్నదట. నాకు ఊహ తెలిసేసరికి మానేసింది. క్వార్టర్ ముందు మంచం మీద తడిపంచె పరిచి వడియాలు పెట్టడం ఆలస్యం, ఆకాశం ఉరిమేది. వానని తప్పించుకున్న వాటి మీద గని దుమ్ము ఎర్రగా పడేది. ఒకసారి పుట్టింటికి పంపిస్తే, కారం మరీ ఎక్కువైందనుకుని పిల్లలకి పెట్టలేదట.

"వచ్చే ఏడు బాగా కాస్తాది" అనేది అమ్మ, బూజు పట్టినవి ఏరి పారేస్తూ.

"వచ్చే ఏడంటూ ఉంటాదేటి?" అనేవాడు నాన్న.

నా చిన్నతనమంతా ఈ రెండు మాటల మధ్య హాయిగా గడిచింది.

నేను పదో తరగతి పరీక్ష రాసిన వేసవిలో, రోహిణి రెండో రోజునే వడగళ్ళు పడ్డాయి. మంచం మీద ఏది వడియమో ఏది వడగల్లో తెలియలేదు. అమ్మ అంతా ఊడ్చి పారబోసింది. మరుసటేడు గుమ్మడికాయ ఊసే ఎత్తలేదు. చూసి చూసి నాన్నే అడిగాడు.

"నానెట్టను. మీరు సెప్పిందే నిజం. ఈ ఎండల్ని మరి నమ్మను" అంది.

ఇరవై ఏళ్ళ వాదన గెలిచిన మనిషి సంతోషించాలి కదా! నాన్న ముఖం పాలిపోయింది. రెండు రోజులు ప్రపంచం గురించి ఒక్క చెడ్డమాట అనలేదు. నాకు నిజంగా భయం వేసింది. ఇంట్లో ఆశపడే మనిషి ఒకరున్నారన్న ధైర్యంతోనే ఆయన ఇన్నాళ్ళూ నిశ్చింతగా నిరాశపడ్డాడు.

ఆదివారం నన్ను వెంటబెట్టుకుని సంతకి వెళ్ళాడు. గుమ్మడికాయలమ్మే గోండు ఆమె, ఈసారి ఇప్పపువ్వు కూడా ముందే రాలిపోయిందని చెప్పి, "ధూప్ కా భరోసా నహీ, దాదా" అని పెదవి విరిచింది. ఎండని నమ్మలేమట.

"ముఝే హై" అన్నాడు నాన్న. నాకుంది నమ్మకం అని! నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను.

ఉప్పు రాసిన ముక్కల్ని మూటగట్టి, నీరు కారడానికి మీద బరువు పెట్టాలి. నాన్న రైలు పట్టా ముక్క పెట్టాడు. నీటితోపాటు ముక్కల ప్రాణం కూడా పోయింది. మినప్పిండి జారైంది. మర్నాడు ఎండలో మంచం మీద వడియాలు పెట్టాడు, ఒక్కోటి అరచేయంత, పట్టాల కింద స్లీపర్లలాగా సమాన దూరంలో. అమ్మ గుమ్మంలో కూర్చుని, నవ్వు రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

మధ్యాహ్నానికి కొండ వెనక నల్లగా కమ్ముకొచ్చింది. గాలి చల్లబడింది. వాన వాసన ఊళ్ళో అందరికంటే ముందు పట్టే మా నాన్న, పైకి చూసి, "ఉత్తి మబ్బే. ఎల్లిపోతాది" అన్నాడు.

అంత చేతకాని అబద్ధం నేను మళ్ళీ వినలేదు. అమ్మ లేచి వచ్చి మంచం రెండో కొస పట్టుకుంది.

"ఎల్లిపోతాది గానీ, అందాకా లోపలెట్టీదాం పట్టండి. రేపు మల్లీ ఎండెడదాం."