తోమియె మార్చి చదివిన కథ

పిల్లలకు దయ నేర్పే బొమ్మల పుస్తకాలు ఈమధ్య కుప్పలుతెప్పలుగా వస్తున్నాయి. ఒకరినొకరు తొక్కుకుంటూ బతికే పెద్దవాళ్ళే వాటిని రాస్తారు, వాళ్ళే కొంటారు, వాళ్ళే తెచ్చి పిల్లల నెత్తిన పెడతారు. కురెమాత్సు తోమియెకు ఇలాంటి చేదు ఆలోచనలు లేవు. ఆమెకు పుస్తకాలంటే గురి. ఆ గురే ఒక సోమవారం పొద్దున ఆమెను నిలువునా ముంచబోయింది.

తోమియెకు జపాన్‌లోని కామెజాకి ఊళ్ళో, పడవల రేవు పక్క వీధిలో సెలూన్ ఉంది. తండ్రి దగ్గర కత్తెర పట్టడం నేర్చుకుని, ఆయన పోయాక అవే కుర్చీలు, అవే అద్దాలతో నెట్టుకొస్తోంది. ఒకసారి పెళ్ళి కుదిరి తప్పిపోయింది. దాని గురించి ఊరు మాట్లాడినంతలో పదో వంతు కూడా ఆమె మాట్లాడలేదు. సెలూన్లకు సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు పొద్దున్నే, మొదటి పాఠానికి ముందు, బడికి వెళ్ళి రెండో తరగతి పిల్లలకు ఒక బొమ్మల పుస్తకం చదివి వస్తుంది.

అలా చదివే ఆడవాళ్ళ బృందానికి పెద్దదిక్కు సోయా సాస్ కొట్టు మిత్సుయో. ఆవిడ కట్టుబాట్లు గట్టివి. బొమ్మను మింగేసే రంగు బట్టలు వేసుకోకూడదు. ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంత మాట ఒక్కటి కలపకూడదు. చదివాక దీనివల్ల ఏం తెలుసుకున్నారని పిల్లల్ని అడగనే కూడదు.

ఆ తరగతిలో చియుకి అనే పిల్ల ఉంది. ఇంట్లో వసపిట్టలా మాట్లాడుతుంది, బడి గేటు దాటితే పెదవి విప్పదు. చలికాలమంతా బడి మానేసి, చెర్రీలు పూశాక మళ్ళీ రావడం మొదలుపెట్టింది. అమ్మమ్మ ఆ పిల్లను జుట్టు కత్తిరింపించడానికి తీసుకొచ్చినప్పుడల్లా తోమియె అద్దంలో ఆ పిల్ల ముఖం చూసి, దీనికి ఏదైనా చెయ్యాలే అనుకునేది. అలా వెతుకుతుంటే దొరికిందీ పుస్తకం. ఎవరితోనూ మాట్లాడని ఒక నక్కపిల్ల ఉంటుంది. ఒక సాయంత్రం నేస్తాలు పొగమంచులో దారి తప్పుతారు. నక్కపిల్ల ధైర్యం తెచ్చుకుని, ఒక బండరాయి ఎక్కి గొంతెత్తి అరుస్తుంది. ఆ గొంతు పట్టుకుని అందరూ వచ్చేసి, చేతులెత్తి జేజేలు కొడతారు.

బడిలో చదివే ముందు బృందంలో చదివి వినిపించడం వాళ్ళ ఆనవాయితీ. మిత్సుయో కళ్ళు మూసుకుని మొత్తం విన్నది.

"ఎవరి కోసం ఎంచావే దీన్ని?"

"అందరి కోసమే అక్కా."

"అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి, తెలుసా? ఒక్క పిల్ల కోసం ఎంచిన పుస్తకం పదిమందిలో చదవకు."

ముసలావిడకు చాదస్తం ముదిరిందనుకుంది తోమియె. పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పిల్లలు నేల మీద దగ్గర దగ్గరగా కూర్చున్నారు. చియుకి తలుపు పక్కన కూర్చుంది. నక్కపిల్లను ఎవరు పలకరించినా బదులివ్వదని చదివేసరికి ఒక తల తలుపు వైపు తిరిగింది. తర్వాత ఇంకోటి. ముందు వరసలో కూర్చున్న చేపల కొట్టు వాళ్ళబ్బాయి గెంత అన్నాడు, "ఇది మన చియుకీనే." వాడి గొంతులో వెక్కిరింత లేదు, ఏదో కనిపెట్టానన్న సంబరం ఉంది. వెనక నిలబడ్డ షినోహరా మాస్టారు వేలు పెదవుల మీద పెట్టి సైగ చేశాడు. దాంతో అప్పటిదాకా చూడనివాళ్ళు కూడా చూశారు. చియుకి తల మోకాళ్ళ మధ్యకు దిగిపోయింది.

తోమియెకు అప్పుడు తట్టింది. పిల్ల కోసమని మోసుకొచ్చిన పుస్తకంతో ఆ పిల్లనే వేలెత్తి చూపిస్తోంది తను. ఇక రాబోయే పేజీలోనే అరుపు.

"ఇప్పుడు నక్క అరుస్తుంది చూడండి," అన్నాడు గెంత. "అప్పుడు చియుకి కూడా అరవాలి."

ఇరవై జతల కళ్ళు తలుపు పక్కకు తిరిగి కాచుకుని ఉన్నాయి. రేపటి నుంచి ఈ పిల్ల గేటు దాటి రాదని తోమియెకు తెలిసిపోయింది. మధ్యలో మూసేస్తే ఎందుకు మూసిందో కూడా అందరికీ తెలిసిపోతుంది. పేజీ తిప్పింది. బొమ్మలో నక్కపిల్ల బండ మీద నిలబడి, కొండనాలుక కనిపించేంతగా నోరు తెరిచి ఉంది. తోమియె అరచేతిని అక్షరాల మీద కప్పి, తన జన్మలో ఎన్నడూ చెయ్యని పని చేసింది.

"నక్కపిల్లకు," అంది నెమ్మదిగా, "ఎక్కడలేని ఆవలింత వచ్చింది."

చదవడమే కాదు, దవడలు పట్టేసేలా నిజంగానే ఆవులించింది. పిల్లలు తెల్లబోయి చూశారు. తర్వాతి పేజీలో కుందేలు, ఎలుగు, ఉడత నోళ్ళు తెరిచి, చేతులు పైకెత్తి ఉన్నాయి. "దాన్ని చూసి కుందేలుకూ వచ్చింది. ఎలుగైతే ఒళ్ళు విరుచుకుని మరీ ఆవులించింది."

అప్పటికే గెంత ఆవులిస్తున్నాడు. వాడి నుంచి పక్కవాడికి, అక్కడి నుంచి వెనక్కి అంటుకుంది. ఒకరి నోరు చూసి ఒకరు పడీపడీ నవ్వారు. తలుపు పక్కకు చూడాలన్న సంగతే అందరూ మరిచిపోయారు. మాస్టారు నోటికి రిజిస్టరు అడ్డం పెట్టుకున్నాడు. చియుకి కూడా మోకాళ్ళ మధ్య నుంచి ముఖం పైకెత్తి, ఆపుకోబోయి ఆపుకోలేక, పెద్దగా ఆవులించింది. తోమియె పుస్తకం మూసి ఏమీ అడగకుండా లేచింది.

మధ్యాహ్నం మిత్సుయో దగ్గరికి వెళ్ళి జరిగిందంతా ఒప్పుకుంది. ఉన్నది ఉన్నట్టు చదవలేదనీ, తనను బృందం నుంచి తీసేసినా పర్వాలేదనీ, పిల్ల మళ్ళీ బడి మానేస్తే మాత్రం తట్టుకోలేననీ చెప్పింది.

"ఆ కథ రాసినవాడు వింటే విరక్తి పుట్టి నీ దగ్గరికే వచ్చి గుండు గీయించుకుంటాడు," అంది మిత్సుయో. ఆ తర్వాత గొంతు తగ్గించి, "పిల్ల ఆవులించిందా?" అని అడిగింది.

"ఆవులించింది."

"అయితే పొద్దున దాకా ఓపిక పట్టు. తీసెయ్యడం సంగతి తర్వాత చూద్దాం."

మంగళవారం తోమియె ఊడ్చిన గుమ్మమే మళ్ళీ ఊడుస్తూ నిలబడింది. బడికి వెళ్ళే పిల్లల వరస మలుపు తిరిగింది. ముందు రోడ్డు దాటించే జెండా పట్టుకున్న పెద్దపిల్ల, వెనక గెంత, ఆ వెనక ఎవరెవరో. వరస దాదాపు దాటిపోయింది. చిట్టచివర, కళ్ళ మీదికి జారిన పసుపుపచ్చ టోపీ ఎగదోసుకుంటూ చియుకి వచ్చింది. పలకరించలేదు, నవ్వలేదు, రోజూ వెళ్ళినట్టే వెళ్ళింది. ఆ టోపీ బడి గేటు లోపలికి వెళ్ళిందాకా చూసి, తోమియె గుమ్మం మెట్టు మీద కూలబడిపోయింది. లోపల ఒకాయన గడ్డానికి నురగ రాయించుకుని ఎదురుచూస్తూ కేకేశాడు. వస్తున్నానంటూ ఆమె చీపురు గోడకు ఆనించి లేచింది.